ఆవులూ పందులూ ఉన్న చిన్న దొడ్డిలో రోజువారీ పని నడిపే తీరు

రెండు మూడు పాడి ఆవులు, ఒకటి రెండు ఈనే పందులు, వాటి పిల్లలు ఉన్న కుటుంబానికి పని భారం పశువుల సంఖ్య కంటే పనుల వరుసను బట్టే ఎక్కువగా తేలుతుంది. ఉదయం దేని దగ్గరికి ముందు వెళ్ళాలి, దేని దగ్గరికి చివర వెళ్ళాలి అన్నది ఒకసారి స్థిరపరచుకుని ఏ రోజూ తప్పకుండా పాటించాలి. వరుస ఇలా ఉండాలి: ముందు చిన్న దూడలు, తరువాత పాలిచ్చే ఆవులు, ఆ తరువాత పందిపిల్లలు, పెద్ద పందులు, అన్నిటికన్నా చివర జబ్బు పడినవి. పందుల దొడ్డిలోంచి తిరిగి ఆవుల కొట్టంలోకి వెళ్ళవలసి వస్తే చేతులు సబ్బుతో కడుక్కుని చెప్పులు మార్చుకోవాలి. అందుకోసం పందుల దొడ్డి వాకిట్లోనే ఒక జత బూట్లు, ఒక బకెట్టు, ఒక చీపురు విడిగా ఉంచుకోవడం అన్నిటికన్నా తేలిక.

ఇంత పట్టింపు ఎందుకంటే, కొన్ని జబ్బులు ఈ రెండు జాతులకూ ఉమ్మడివి. గాలికుంటు వ్యాధి ఆవుకూ వస్తుంది, పందికీ వస్తుంది. అయితే జబ్బు పడిన పంది తన ఊపిరితో వదిలే వైరస్ ఆవు వదిలేదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆజెస్కీ వ్యాధి ఉన్న ప్రాంతాల్లో ఎదిగిన పంది ఆ వైరస్‌ను పెద్దగా లక్షణాలేవీ లేకుండానే మోయగలదు, కానీ అది ఆవుకు సోకితే ఆవు ఒళ్ళంతా రక్కుకునేంత దురదతో కొద్ది రోజుల్లోనే చనిపోతుంది. కాబట్టి స్థలం ఎంత తక్కువగా ఉన్నా రెంటినీ ఒకే కప్పు కింద ఉంచకూడదు. పందుల దొడ్డిని ఆవుల కొట్టానికి దిగువగా, దాని మురుగు ఆవుల వైపు పారకుండా, గాలి అటు నుంచి ఇటు కొట్టకుండా కట్టుకోవాలి.

ఉదయపు మొదటి చూపు

కొట్టంలోకి వెళ్ళగానే మేత వేసేయడం చాలామందికి అలవాటు. మేత పడిందంటే పశువులన్నీ లేచి కదులుతాయి కనుక, రాత్రి ఏం జరిగిందో చెప్పే ఆనవాళ్ళు ఆ కదలికలోనే పోతాయి. ముందు గుమ్మం దగ్గర ఒకటి రెండు నిమిషాలు నిలబడి చూడాలి. ఆరోగ్యంగా ఉన్న ఆవు ముట్టె తడిగా ఉంటుంది, చెవులు కదులుతుంటాయి, పడుకుని ఉంటే నెమరు వేస్తుంటుంది. ఆవు రోజులో ఏడెనిమిది గంటలు నెమరుకే వెచ్చిస్తుంది. అందువల్ల విశ్రాంతిగా పడుకున్న ఆవు దవడ ఆడకపోతే దాన్ని విడిగా గమనించాలి. తరువాత పేడ చూడాలి. నీళ్ళలా పలుచగా పడితే దాణా ఎక్కువైందనో, కడుపులో ఏదో తేడా చేసిందనో అనుమానించాలి. గట్టిగా ఉండలు కడితే నీళ్ళు చాలడం లేదని అర్థం. ఎడమ డొక్క లోతుకు పోయి ఉంటే ఆవు రాత్రి సరిగా తినలేదు. అదే డొక్క బిగిసి పైకి ఉబికి, వేలితో కొడితే డప్పులా మోగితే అది ఉబ్బరం, ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి పిలవాలి.

పందులను చూసే పద్ధతి వేరు. అవి పడుకున్న తీరే చాలా విషయాలు చెబుతుంది. ఒకదానిమీద ఒకటి ఎక్కి పడుకుంటే చలి వేస్తోందని, దూరదూరంగా, పక్కకు ఒరిగి రొప్పుతుంటే ఉక్కపోస్తోందని గ్రహించాలి. దాణా బకెట్టు చప్పుడుకు అన్నీ అరుస్తూ తొట్టి దగ్గరికి పరుగెత్తుతాయి. ఆ చప్పుడుకు లేవని పందికి జ్వరం ఉందో లేదో వెంటనే చూడాలి. ఇంట్లో ఒక థర్మామీటరును పశువులకోసమే ఉంచుకోవడం మంచిది. ఆవు శరీర ఉష్ణోగ్రత సాధారణంగా 38.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర, పందిది 39 దగ్గర ఉంటుంది. ఆవుకు 39.5, పందికి 40 దాటితే జ్వరమే అనుకోవాలి, కానీ ఎండలో నడిపించిన వెంటనే కొలిస్తే లెక్క తప్పుతుంది.

పాలు పితకడం

రోజు మొత్తంలో అన్నిటికన్నా జాగ్రత్తగా చేయవలసిన పని ఇదే. పొదుగును తాకి, తుడిచి, మొదటి ధారలు తీసినప్పుడు ఆవు మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి విడుదలవుతుంది. దాదాపు ఒక నిమిషంలో ఆవు చేపుతుంది. ఆ ప్రభావం ఐదు నుంచి ఏడు నిమిషాలే ఉంటుంది కనుక పొదుగు కడిగాక గిన్నె వెతుక్కుంటూ తిరగకూడదు. కావలసినవన్నీ దగ్గర పెట్టుకున్న తరువాతే పొదుగు ముట్టాలి. ఆ సమయంలో అరుపులు, కొట్టడాలు, కొత్త కుక్క రావడం వంటివాటితో ఆవు బెదిరితే చేపు ఆగిపోతుంది, పాలు పొదుగులోనే మిగిలిపోతాయి.

ప్రతి చన్ను నుంచీ మొదటి రెండు మూడు ధారలు నల్లని గుడ్డ మీదకో, ముదురు రంగు గిన్నెలోకో తీసి చూడాలి. పాలలో తరకలు, నీళ్ళదనం, రక్తపు చార కనిపిస్తే అది పొదుగువాపుకు తొలి గుర్తు. పొదుగు ఎర్రబడి గట్టిపడేదాకా ఆగితే ఆ చన్ను శాశ్వతంగా పనికిరాకుండా పోవచ్చు. ఆ మొదటి ధారలను నేల మీదకు వదలకూడదు, ఎందుకంటే అదే నేల మీద ఆవు పొదుగు ఆనించి పడుకుంటుంది. పిడికిలి నిండా చన్ను పట్టి పై నుంచి కిందికి వేళ్ళు ఒక్కొక్కటిగా బిగిస్తూ పితకాలి. బొటనవేలు మడిచి దాని కణుపుతో ఒత్తడం వేగంగా కనిపిస్తుంది కానీ అది చన్ను లోపలి పొరను గాయపరుస్తుంది. ఈ అలవాటు ఉన్నవారు పట్టు మార్చుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది, అయినా మార్చుకోవలసిందే.

పితకడం అయ్యాక ప్రతి చన్నునూ అయోడిన్ ద్రావణంలో ముంచాలి. చన్ను చివరి రంధ్రం పూర్తిగా మూసుకోవడానికి దాదాపు అరగంట పడుతుంది. ఆ అరగంటా ఆవు పడుకోకుండా ఉండాలంటే పచ్చిమేతను సరిగ్గా అప్పుడే గాడిలో వేయాలి. మేత వేళను పితికే వేళకు ముందు నుంచి తరువాతకు మార్చడం పైసా ఖర్చులేని పని, దాని ఫలితం మాత్రం ఏ మందుకూ తీసిపోదు. పొదుగువాపు ఉన్న ఆవును అన్నిటికన్నా చివర పితకాలి. రెండు పూటల మధ్య వ్యవధి వీలైనంతవరకు పన్నెండు గంటలు ఉండాలి. అది కుదరకపోయినా రోజూ అదే వేళ పాటించడం ముఖ్యం. పాలను వెంటనే వడకట్టి చల్లబరచాలి, ఇంట్లో తాగడానికైతే మరగకాచాలి.

మేత, నీళ్ళు

ఆవుకు రోజుకు దాని బరువులో రెండున్నర నుంచి మూడు శాతం పొడిపదార్థం, అంటే నీరు పోగా మిగిలే మేత, కావాలి. అంటే 400 కిలోల ఆవుకు 10 నుంచి 12 కిలోలు. పచ్చిమేతలో దాదాపు ఐదింట నాలుగు వంతులు నీరే కనుక 40 కిలోల పచ్చిగడ్డి వేసినా లోపలికి పోయే పొడిపదార్థం 8 కిలోలే. మోపు పెద్దదిగా కనిపించినా పశువు డొక్క నిండకపోవడానికి కారణం ఇదే, అందుకే పచ్చిగడ్డితో పాటు ఎండుగడ్డి కూడా వేయాలి. దాణాను పాలను బట్టి ఇవ్వాలి: శరీర పోషణకు ఇచ్చేది పోగా, ప్రతి రెండున్నర లీటర్ల పాలకు సుమారు ఒక కిలో చొప్పున లెక్కవేసుకుని, ఆవు ఒంటి తీరు చూసి తగ్గించడమో పెంచడమో చేయాలి. ఏ మార్పు చేసినా వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా చేయాలి. ఆవు పెద్దపొట్టలో మేతను పులియబెట్టేవి సూక్ష్మజీవులు. కొత్త మేతకు అవి అలవాటుపడాలి. రాత్రి కట్టు తెంచుకుని ధాన్యం బస్తా మీద పడిన ఆవు మర్నాటికి లేవలేకపోవడానికి కారణం ఆ పొట్టలో ఒక్కసారిగా పెరిగిన ఆమ్లమే. అందువల్ల దాణా గదికి గొళ్ళెం సరిపోదు, తాళం ఉండాలి. ఎండుగడ్డిలో తీగముక్కలు, మేకులు లేకుండా విదిల్చి వేయాలి, ఎందుకంటే ఆవు నాలుకతో చుట్టి నమలకుండానే మింగుతుంది. వర్షాలు లేక ఎదుగుదల ఆగి తిరిగి చిగిర్చిన లేత జొన్నను మేపకూడదు. అందులోని సైనైడు గంటల్లో ప్రాణం తీస్తుంది.

పందిది ఒకే గదిగల కడుపు. ఎండుగడ్డితో అది బతకలేదు, దానికి ధాన్యం, తౌడు, నూనెగింజల చెక్కతో పాటు మాంసకృత్తులు, ఖనిజాలు కావాలి. ఇక్కడే చిన్న రైతులకు ఒక ప్రలోభం ఎదురవుతుంది: వంటింటి మిగులు, హోటళ్ళ కుడితి. కూరగాయల తొక్కలు, పాలవిరుగుడు నీళ్ళు ఇవ్వవచ్చు. మాంసం తగిలిన మిగులు మాత్రం ఇవ్వకపోవడమే మేలు. చాలా దేశాల్లో అది చట్టరీత్యా నిషేధం కూడా. పందులకు సోకే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వైరస్ గడ్డకట్టిన పంది మాంసంలోనూ, ఉప్పు వేసి నిల్వచేసిన మాంసంలోనూ నెలల తరబడి బతుకుతుంది. ఆ జబ్బు వచ్చిన మందలో మిగిలేవి చాలా తక్కువ, దానికి మందు లేదు. చట్టం అనుమతించే చోట కూడా కుడితిని తెర్లే నీళ్ళలో కనీసం అరగంట ఉడికించి, కలిపే గరిటెను కూడా అందులోనే ఉడికించి, చల్లార్చి పెట్టాలి.

రెండు జాతుల దాణా బస్తాలు, కొలగిన్నెలు వేరువేరుగా ఉండాలి. పందుల దాణాలో జంతువుల మాంసం, ఎముకల పొడి ఉంటే అది ఆవు గాడిలోకి రాకూడదు. 1986లో బ్రిటన్‌లో గుర్తించిన పిచ్చి ఆవు వ్యాధి అలాంటి పొడి వల్లనే వ్యాపించింది. యూరియా కలిపిన ఆవుల మేతతో పందికి ప్రయోజనం లేదు, దాన్ని వాడుకునే సూక్ష్మజీవులు దాని కడుపులో అంతగా ఉండవు.

నీళ్ళ విషయంలో లోభం పనికిరాదు. పాలిచ్చే ఆవు ఎండను బట్టి, పాలను బట్టి రోజుకు 50 నుంచి 100 లీటర్లు తాగుతుంది. పాలిచ్చే పందికి 15 నుంచి 30 లీటర్లు కావాలి. పందులు నోటితో నొక్కి తాగే నీటి గొట్టం ఒక రోజు మూసుకుపోతే అది దాహంతో పోయేది కాదు: మెదడులో ఉప్పు పేరుకుని, తూలుతూ, గోడకు తల ఆనించి మూర్ఛలు పోతాయి. అప్పుడు ఒకేసారి కడుపునిండా తాగనిస్తే పరిస్థితి మరింత విషమిస్తుంది; కొద్దికొద్దిగా ఇస్తూ వైద్యుణ్ణి పిలవాలి. అందుకే రోజూ ఉదయం ప్రతి గొట్టాన్నీ వేలితో నొక్కి నీళ్ళు వస్తున్నాయో లేదో చూడాలి.

పందుల దొడ్డి

పంది మురికి జంతువన్న మాట దానికి స్థలమివ్వని మనిషి కల్పించింది. చోటు ఉంటే అది పడుకునేచోట పేడ వేయదు, ఒక మూలను ఎంచుకుని అక్కడికే వెళుతుంది. కొత్త పందులను దించే రోజున మనం కోరుకున్న మూలను తడిపి అక్కడ కొంచెం పేడ వేసి, మిగతా భాగంలో పొడిగడ్డి పరిస్తే అవి ఆ ఏర్పాటునే పాటిస్తాయి. మొదటి రోజు తప్పితే తరువాత మార్చడం కష్టం. చెమట పట్టి చల్లబడే శక్తి పందికి దాదాపు లేదు కనుక ఎండాకాలంలో నీడ, బురదగుంట లేదా మధ్యాహ్నం రెండు మూడుసార్లు చల్లే నీళ్ళు తప్పనిసరి. కంచె బలం అడుగున ఉండాలి, ఎందుకంటే పంది దూకదు, ముట్టెతో కిందినుంచి ఎత్తుతుంది. పందులను తోలడానికి కర్ర కన్నా మోకాలి ఎత్తున్న చెక్కపలక మేలు: పలక అడ్డుపెట్టిన వైపు దారి లేదనుకుని, ఖాళీ కనబడిన వైపు నడుస్తాయి.

పంది చూడి కాలం సుమారు 114 రోజులు. కట్టించిన తేదీ రాసుకుంటే ఈనే వారం తెలుస్తుంది. ఆ వారంలో దాన్ని కడిగి, శుభ్రమైన విడి గదిలోకి మార్చాలి. అది గడ్డిని నోటితో పోగుచేస్తూ గూడు కట్టడం మొదలుపెట్టి, చన్ను నొక్కితే పాలచుక్క వచ్చిందంటే ఒక రోజు లోపల ఈనుతుంది. పిల్లకూ పిల్లకూ మధ్య పావుగంట, ఇరవై నిమిషాలు పట్టడం మామూలు; ముక్కుతూ గంట దాటినా పిల్ల రాకపోతే వైద్యుడు కావాలి. పుట్టిన పిల్ల ముక్కు, నోరు తుడిచి, బొడ్డుకు అయోడిన్ రాసి, వెంటనే చన్ను అందించాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. తల్లికి 18 నుంచి 20 డిగ్రీల చల్లదనం హాయి. అప్పుడే పుట్టిన పిల్లకు 32 నుంచి 34 డిగ్రీల వెచ్చదనం కావాలి. గదంతా వేడి చేస్తే తల్లి తిండి మానేస్తుంది, చల్లగా వదిలేస్తే పిల్లలు వెచ్చదనం కోసం తల్లి పొట్ట కిందికే చేరి, అది పడుకునేటప్పుడు నలిగిపోతాయి. దీనికి మార్గం, గదిలో ఒక మూల తల్లి దూరలేని విధంగా అడ్డు కట్టి, లోపల పొడిగడ్డి పరచి, పైన వేడి దీపం వేలాడదీయడం. దీపాన్ని గొలుసుతో కట్టాలి, తాడుతో కాదు. తెగిపడితే గడ్డి అంటుకుంటుంది. మిగిలిన గోడల వెంబడి నేలకు ఒక జానెడు ఎత్తున, గోడకు జానెడు దూరంలో బలమైన గొట్టం బిగిస్తే తల్లి గోడకు జారగిలబడినప్పుడు పిల్లకు తప్పించుకునే సందు ఉంటుంది. నలిగిపోయే ప్రమాదం మొదటి మూడు రోజుల్లోనే ఎక్కువ కాబట్టి కుటుంబంలో ఎవరో ఒకరు ఆ మూడు రాత్రులూ అందుబాటులో ఉండేలా పని పంచుకోవాలి.

సిమెంటు నేల మీద పెరిగే పిల్లలకు మూడో రోజున ఇనుము సూది, సాధారణంగా 200 మిల్లీగ్రాములు, వేయించాలి. పంది పాలలో ఇనుము చాలా తక్కువ. సూది పడని పిల్లలు రెండు మూడు వారాల్లో తెల్లగా పాలిపోయి రొప్పుతాయి. చిన్న దొడ్డిలో ఆరు నుంచి ఎనిమిది వారాలకు పాలు మాన్పించవచ్చు. అప్పుడు తల్లిని వేరేచోటికి తీసుకుపోవాలి, పిల్లలను తెలిసిన చోటే ఉంచాలి. ఆ తరువాత నాలుగు నుంచి ఏడు రోజుల్లో తల్లి మళ్ళీ ఎదకు వస్తుంది.

ఆవు ఎద, ఈత, దూడ

ఆవు దాదాపు 21 రోజులకొకసారి ఎదకు వస్తుంది. ఇతర ఆవులు తన మీదకు ఎక్కుతుంటే కదలకుండా నిలబడటం అసలైన గుర్తు. అరుపు, తీగలు సాగే స్రావం తోడు గుర్తులు. తెల్లవారుజామున, చీకటిపడే వేళ ఇవి బాగా కనిపిస్తాయి. ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాటి ఉదయం కృత్రిమ గర్భధారణ సూది వేయించాలి. చూడి సుమారు 280 రోజులు. ఈనడానికి రెండు నెలల ముందే పాలు ఆపి ఒట్టిపోనివ్వాలి. ఆ రెండు నెలల పాలు వదులుకోవడానికి చాలామందికి మనసొప్పదు కానీ విశ్రాంతి లేని పొదుగు తరువాతి ఈతలో తక్కువ పాలిస్తుంది.

పుట్టిన దూడకు మొదటి రెండు గంటల్లోనే జున్నుపాలు పట్టాలి. 30 కిలోల దూడకు మొత్తం మూడు లీటర్లు లక్ష్యంగా పెట్టుకోవాలి. రక్షణనిచ్చే పదార్థాలను పేగు నేరుగా పీల్చుకునే శక్తి గంట గంటకూ తగ్గి ఒక రోజు తరువాత ఉండదు. మాయ పన్నెండు గంటల్లో పడాలి; పడకపోతే చేత్తో లాగకూడదు, బరువులు కట్టకూడదు, వైద్యుణ్ణి పిలవాలి. ఈనిన మూడు రోజుల లోపల ఆవు చెవులు చల్లబడి, మెడ డొక్క వైపు తిప్పి లేవలేక పడుకుంటే అది పాలజ్వరం. పేరులో జ్వరమున్నా ఒళ్ళు చల్లగానే ఉంటుంది. రక్తంలో కాల్షియం పడిపోవడం వల్ల మింగే శక్తి కూడా తగ్గుతుంది కనుక నోట్లో ఏదీ పోయకూడదు, పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నరానికి ఎక్కించే కాల్షియంతో చాలా ఆవులు కొద్ది గంటల్లోనే లేచి నిలబడతాయి. మాయను, ఈసుకుపోయిన పిండాన్ని ముట్టుకునేటప్పుడు చేతికి తొడుగు తప్పనిసరి. పశువులు ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లోసిస్ అనే జబ్బు మనిషికి సోకే దారుల్లో వాటిని ఒట్టి చేత్తో ముట్టుకోవడం ఒకటి.

శుభ్రత, పుస్తకం, బదులు మనిషి

కొత్తగా కొన్న పశువును కనీసం నెల రోజులు విడిగా ఉంచిన తరువాతే మందలో కలపాలి. టీకాల పట్టికను స్థానిక పశువైద్యుడితో వేయించుకోవాలి, ఎందుకంటే ప్రాంతాన్ని బట్టి జబ్బులు మారతాయి. ఇంటివారందరూ మరుగుదొడ్డి వాడటం, పందులను బయట తిరగనివ్వకపోవడం పందుల పెంపకంలో భాగమే: మనిషి మలం తిన్న పందిలో బద్దెపురుగు తిత్తులు ఏర్పడి, సరిగా ఉడకని మాంసం ద్వారా పురుగు మళ్ళీ మనిషికే చేరుతుంది; ఆ పురుగు గుడ్లు మనిషి నోట్లోకి పోతే మెదడులోనూ తిత్తులు కట్టి మూర్ఛలు తెస్తాయి. పందుల పేడను కుప్పగా వేసి బాగా మాగిన తరువాతే పొలానికి వేయాలి, ఆవులు మేసే బీడు మీద పచ్చిగా చల్లకూడదు. మూత ఉన్న పేడ గుంతను కలిపినప్పుడు విషవాయువు ఒక్కసారిగా లేస్తుంది. అందులో పడిన వస్తువు కోసమే కాదు, పడిన మనిషి కోసం కూడా ఊపిరి పరికరం లేకుండా ఎవరూ దిగకూడదు.

ఒక పుస్తకంలో ఎద, కట్టించిన తేదీ, ఈత, టీకా, వాడిన మందు, పాలు రాసుకోవాలి. మందు వేసిన ప్రతిసారీ సీసా మీద ఉన్న వ్యవధి చూసి, ఆ రోజుల పాలు ఎప్పటివరకు అమ్మకూడదో, ఆ పశువును ఎప్పటివరకు మాంసానికి పంపకూడదో తేదీతో రాసి, ఆవు కట్టుగొయ్యకు ఎర్రగుడ్డ కట్టాలి. అప్పుడు పుస్తకం చూడని మనిషి కూడా ఆ పాలను మిగతావాటిలో కలపడు.

పెళ్ళో ఆస్పత్రి పనో పడి ఇంటిల్లిపాదీ కదలవలసి వచ్చే రోజు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. బదులు మనిషికి ముందురోజు సాయంత్రం గబగబా అప్పగింతలు పెడితే లాభం లేదు. ఆ మనిషి చేత, మీరు పక్కనే ఉండగా, కనీసం రెండు పూటలు పాలు పితికించి, పందుల నీటి గొట్టాలు నొక్కించి, దాణా కొలగిన్నెలు చూపించి, వైద్యుడి ఫోను నంబరు గోడ మీద రాయించాలి. ఆవు కొత్త చేతికి చేపుతుందో లేదో అప్పుడే తెలుస్తుంది, చేపకపోతే ప్రయాణానికి ముందే ఇంకొకరిని చూసుకునే వ్యవధి ఉంటుంది.